గోడ అడిగిన సగం మాట

సాయంత్రం ఆరింటికి కంటి దవాఖాన నుంచి రాగానే కృప చేసే పనులు మూడే. చెప్పులు మూలకు విడుస్తుంది, ఒక్క మనిషికి సరిపడా బియ్యం కడిగి పొయ్యి మీద పెడుతుంది, ముఖం కడుక్కుంటుంది. ఆరున్నరకు పడమటి గోడ గొంతు సవరించుకుంటుంది.

"ఆఁ... ఎక్కడున్నం?" అంటుంది గోడ.

"నూట నలభై రెండు, సార్," అంటూ కృప లేచి నిలబడుతుంది.

సిద్దిపేటలో కోమటి చెరువు దిక్కు పోయే ఒక గల్లీలో ఉంది ఆ గది. ఇంటి యజమాని దత్తాత్రి గది చూపించిన రోజు మూడు సంగతులు చెప్పాడు. నల్లా నీళ్లు దినం తప్పించి దినం వస్తాయి. బాత్రూం తలుపు కొంచెం ఎత్తి వేయాలి. సాయంత్రం ఆరున్నరకు గోడ ఇంగ్లీషు పాఠం అడుగుతుంది, జవాబు చెప్తే ముందుకు పోతుంది, చెప్పకపోతే అక్కడే ఆగుతుంది. మూడూ ఒకే గొంతుతో చెప్పి, ఇంతకుముందు ఉన్నవాళ్లు ఆ వేళకు టీవీ పెద్దగా పెట్టుకునేవాళ్లని కలిపాడు. కృప అంతా విని, బాత్రూం తలుపు గురించి మాత్రం ఇంకోసారి అడిగి తెలుసుకుంది.

ఆ గొంతు నరహరి సార్‌ది. అదే గదిలో ఆయన ఇరవై ఆరేళ్లు ట్యూషన్ చెప్పాడు. ఇంగ్లీషులో జంటగా తిరిగే చిన్న చిన్న మాటలు ఉన్నాయి చూడండి, గెట్ అప్, గివ్ అప్, పుట్ ఆఫ్ లాంటివి, వాటిలో ఆయన ఆరితేరిన మనిషి. మూడు వందలు ఏరి నంబర్లు వేసి పెట్టుకున్నాడు. వాటితో వచ్చే చిక్కేమిటంటే విడివిడిగా రెండూ మనకు తెలిసిన ముఖాలే. పక్కపక్కన నిలబడగానే పెళ్లయిన కొత్తలో స్నేహితుల్లా ఎవరూ మనల్ని గుర్తుపట్టరు. రెండేళ్ల కింద ఒక సాయంత్రం నూట ఏడో మాట అడుగుతుండగా సార్‌కు కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. చేయీ కాలూ మందులతో కొంత తిరిగొచ్చాయి గానీ గొంతు రాలేదు. ఎట్లా వస్తుంది, గోడలో ఉండిపోయింది కదా అని గల్లీలో అందరికీ తెలుసు. సార్‌ను తమ్ముడు వచ్చి నారాయణరావుపేటకు తీసుకుపోయాడు. గొంతును తీసుకుపోవడం ఎవరి వల్లా కాలేదు.

సార్ అడిగే తీరు ఒకటుంది. మాట చెప్తాడు, అర్థం సగం చెప్తాడు, మిగతా సగం పిల్లలకు వదిలేసి ఆగుతాడు. జవాబు చెప్పేవాళ్లు నిలబడాలి. సరిగ్గా చెప్తే కూచోమంటాడు. కృప గదిలో దిగేనాటికి గోడ కూడా అదే తీరున నూట ఏడో మాట దగ్గర ఆగి ఉంది.

"రన్ అవుట్ ఆఫ్. ఇంట్లో ఉప్పు రన్ అవుట్ ఆఫ్. అంటే అయిపోవ...?"

కృప వచ్చిన కొత్తలో నోరు విప్పలేదు. తనను కాదనుకుంది. ఆమె పది తప్పిన మనిషి, ఇంగ్లీషుతో ఎప్పుడో తెగదెంపులు చేసుకుంది. గోడ అడుగుతుంది, ఆగుతుంది, మళ్లీ అడుగుతుంది, గంట గడిచాక ఊరుకుంటుంది. అట్లా పదకొండు రోజులు నడిచింది. పదకొండో రోజు ప్రహరీ అవతల నుంచి పక్కింటి స్వరాజ్యం గొంతు వినిపించింది.

"ఓ పిల్లా, ఒక్క మాట చెప్పరాదు. పాపం, ఎంతసేపని ఆగుతడు సారు?"

ఆ ప్రహరీ తలకన్నా ఎత్తు. కృప ఆమె ముఖం సరిగ్గా చూసింది కూడా లేదు. లేచి నిలబడి చెప్పాలని ఆ గొంతే నేర్పించింది. కృప లేచి, గోడ వైపు తిరిగి, "డం" అంది.

"శెబ్బాష్. నూట ఎనిమిది," అంది గోడ.

తనను ఎవరైనా శెబ్బాష్ అని ఎన్నేళ్లయిందో కృపకు గుర్తు రాలేదు. ఆ రాత్రి అన్నం తింటూ ఆ మాటను రెండుసార్లు తలుచుకుంది.

ఆమెది రాయపోల్. తల్లి ఎల్లవ్వ కూలికి పోయి పెంచింది, మూడేళ్ల కింద పోయింది. అన్న కర్ణాకర్ ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. చర్చికి పోయినవా, తిన్నవా, సరే మరి, అంతటితో వారం గడుస్తుంది. కంటి దవాఖానలో ఆమె పని చుక్కలు వేయడం. డాక్టరు చూసే ముందు కంటిపాప పెద్దది కావడానికి మందు చుక్కలు వేసి, అరగంట కళ్లు మూసుకుని కూచోబెట్టాలి. పొద్దంతా బెంచీ నిండా మనుషులే, అందరూ కళ్లు మూసుకున్నవాళ్లే. తెరిచే వేళకు డాక్టరు గదిలోకి పోతారు. ఆరేళ్లలో కొన్ని వేల కళ్లలో ఆమె చుక్కలు వేసి ఉంటుంది. బజారులో ఎదురైతే ఒక్కరు గుర్తుపట్టరు.

అందుకే ఆమెకు కౌంటర్ మీద మనసయింది. అక్కడ కూచుంటే వచ్చినవాళ్లు ముఖం చూసి మాట్లాడతారు. కానీ కౌంటర్ మనిషి హైదరాబాదు పెద్ద డాక్టరమ్మతో ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడాలి. ఆ సంగతిలో కృపకు ఒక పాత దెబ్బ ఉంది. పోయిన వానాకాలం మేనేజర్ రాకేష్ పని హడావుడిలో ఉండి, "మద్దూరు దుబ్బయ్యది సర్జరీ పుట్ ఆఫ్ అయింది, చెప్పు" అన్నాడు. ఆఫ్ అంటే ఫ్యాన్ ఆఫ్, లైట్ ఆఫ్. కృప పోయి, ఆపరేషన్ బంద్ అయిందట తాతా, ఇంటికి పొమ్మన్నరు అని చెప్పింది. రెండు రోజుల తర్వాతకు జరిపారంతే. దుబ్బయ్యకు ఫోన్ లేదు. నెల తర్వాత ఆయన మళ్లీ వచ్చినప్పుడు చేతికి కట్టు ఉంది. గడప కనపడక పడ్డాడట. కృప చుక్కలు వేశాక కళ్లు మూసుకునే, నీ తప్పేముంది బిడ్డా, నీకు చెప్పింది నువ్వు చెప్పినవు అన్నాడు. తిట్టినా బాగుండు అనుకుంది ఆమె.

నూట డెబ్బై ఆరో నంబరు పుట్ ఆఫ్. వాయిదా వెయ్య... అని గోడ సగంలో ఆగిన సాయంత్రం కృప చాలాసేపు "డం" అనలేకపోయింది. గోడ ఎప్పటిలాగే ఆగింది.

ఆ ఆగడమే ఆమెకు అలవాటయింది. నిజం చెప్పాలంటే ఇంగ్లీషు కన్నా అదే ఎక్కువ కావాల్సి వచ్చింది. లోకంలో ఆమె ఏం చెప్తుందోనని ఎదురుచూసేది ఆ గోడ ఒక్కటే. తప్పు చెప్తే ఊఁహూఁ అని ఇంకో ఉదాహరణ ఇస్తుంది, విసుక్కోదు. ఒక్కటే లోటు. సరిగ్గా చెప్పాక కూచోమని అనదు. అనకపోవడానికి కారణం ఉంది, గోడకు నోరుంది, చెవులున్నాయి, కళ్లు లేవు. ఎదుట ఎవరు నిలబడ్డారో, అసలు నిలబడ్డారో లేదో దానికి తెలియదు. కృప జవాబు చెప్పి, కాసేపు చూసి, తనంతట తానే కూచుంటుంది.

మొదటి నూట ఆరు మాటలు స్వరాజ్యం ప్రహరీ మీదుగా నేర్పింది. ఇరవై ఆరేళ్లు విన్న చెవి కదా, ఇంగ్లీషులో ఇంకో ముక్క రాకపోయినా అవి మాత్రం ఆమెకు దండకంలా వచ్చు.

గురువారం గురువారం నారాయణరావుపేట బస్సులో సుమిత్రమ్మ వచ్చేది. నరహరి సార్ భార్య. చెప్పులు బయట విడిచి, స్టూలు గోడ దగ్గరికి జరుపుకుని కూచుని, పాఠం అయ్యేదాకా వినేది. ఆమెకు ఇంగ్లీషు రాదు. పాఠం మధ్యలో గోడ దగ్గితే లేచి గ్లాసులో నీళ్లు పోసి గోడ వారన పెట్టేది. పోయేటప్పుడు ఆ నీళ్లు వాకిట్లో పారబోసేది. ఒకసారి ఆమే చెప్పుకొచ్చింది. సార్‌ను రెండుసార్లు ఇక్కడికి తెచ్చి కూచోబెట్టారు. గోడ అడిగింది, సార్ నోరు తెరిచాడు, కళ్ల నీళ్లు కారాయి తప్ప మాట రాలేదు. హైదరాబాదులో నెలంతా దవాఖానల చుట్టూ తిప్పారు, అదీ పని చేయలేదు.

"ఒకటే గొంతు బిడ్డా," అంది సుమిత్రమ్మ. "ఈడుంటె ఆడ ఉండది. ఆడికి వస్తె ఈడ ఉండది. ఆయన గొంతు విననీకి నేను ఆయనను ఇడిసిపెట్టి బస్సెక్కి రావాల్సి వస్తుంది."

వేసవి దాటాక రాకేష్ కౌంటర్ పనికి పెట్టే పరీక్ష తేదీ చెప్పాడు. బుధవారం, పెద్ద డాక్టరమ్మ వీడియోలో మాట్లాడుతుంది. కృపతో పాటు సౌమ్య అనే కొత్తమ్మాయి కూడా ఉంది, డిగ్రీ చదివిన పిల్ల. కృప ఆ రోజు నుంచి గోడను బతిమాలి రోజుకు ఏడెనిమిది మాటలు అడిగించుకుంది. సరిగ్గా వారం ముందు, బుధవారం నాటికి రెండు వందల నలభై మూడు అయ్యాయి.

ఆ బుధవారం పొద్దున బెంచీ మీద తొమ్మిది మంది కళ్లు మూసుకుని ఉన్నారు. కృపకు తెలియకుండానే గోడ మాట తీరు అంటుకుంది. చుక్కలు వేసి, "అరగంట కండ్లు తెరవొద్దు, ఆగా..." అని వదిలేసింది. బెంచీ మొత్తం బడిపిల్లల్లా "లె" అంది. ఆమెకు నవ్వొచ్చింది. అప్పుడే చివరన కూచున్న ముసలాయన కొడుకు పరుగున వచ్చాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఏడాదిగా మాట లేదు, ఇప్పుడు అందరితో కలిసి మా బాపు కూడా అన్నడు, నేను చెవులారా విన్న అన్నాడు. ముసలాయనతో మాట్లాడించాలని కొడుకు ఎన్నో అడిగాడు. ఎట్లున్నది బాపూ, ఆకలైతుందా, నన్ను గుర్తుపట్టినవా. ఏ ఒక్కదానికీ జవాబు రాలేదు. కృప మళ్లీ "ఆగా..." అంది. "లె" అన్నాడు ముసలాయన.

చేతిలో చుక్కల సీసా పట్టుకుని కృప అట్లాగే నిలబడిపోయింది. సార్‌ను ఇంట్లో అందరూ మొత్తం ప్రశ్నలే అడిగి ఉంటారు. సగం వదిలి అడిగింది గోడ ఒక్కటే. అడిగేటప్పుడు గొంతు గోడ దగ్గర ఉంటుంది, ఇక ఆయన ఏ గొంతుతో జవాబు చెప్తాడు? ఇంకో మనిషి అడగాలి. ఆ తీరు తెలిసిన మనిషి, ఆ మాటలు వచ్చిన మనిషి.

ఆ మనిషి తానేనని తెలిసిన మరుక్షణం ఆమెకు ఇంకో సంగతీ తట్టింది. గొంతు ఆయనకు తిరిగొస్తే గోడ మూగదవుతుంది. ఇంకా యాభై పైనే మాటలున్నాయి, ఏడు రోజులున్నాయి.

మరునాడు గురువారం. సుమిత్రమ్మ వచ్చింది, స్టూలు జరుపుకుంది, గోడ దగ్గితే నీళ్లు పెట్టింది. కృప ఏడు మాటలు అప్పజెప్పింది గానీ ఆ ఒక్క మాట చెప్పలేదు. పరీక్ష అయినాక చెప్తే ఏమైతదిలే అని మనసుకు నచ్చజెప్పుకుంది. సుమిత్రమ్మ నీళ్లు వాకిట్లో పారబోసి, బిడ్డా పోయొస్త అని బస్సుకు పోయింది. ఆ తర్వాత వండిన అన్నం వండినట్టే ఉంది. కృపకు తన మీద తనకే అసహ్యం వేసింది. దుబ్బయ్య విషయంలో తెలియక చేసింది, ఇది తెలిసి చేసింది. శుక్రవారం, శనివారం గోడ శెబ్బాష్ అన్నప్పుడల్లా తల దించుకుంది.

ఆదివారం చర్చి నుంచి ఇంటికి రాకుండా తిన్నగా నారాయణరావుపేట బస్సెక్కింది.

నరహరి సార్ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఉన్నాడు. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని ఉన్నాడు. ఆ గొంతును బట్టి ఎత్తుగా, బలంగా ఉంటాడనుకుంది కృప. ఆయన చిన్న మనిషి. సుమిత్రమ్మ లోపలి నుంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏంది బిడ్డా గిట్లొచ్చినవు అంది. కృప ఆమెకు ఒక్కటే చెప్పింది. నేను అడుగుతుంటె మధ్యల మాట అందియ్యకు అమ్మా, ఎంతసేపైనా సరే అంది. తర్వాత సార్ ఎదుట నిలబడింది.

"ఒకటో నంబరు, సార్. సిట్ డౌన్. సిట్ డౌన్ అంటే కూర్చోవ..."

ఆగింది. సార్ పెదవులు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. సుమిత్రమ్మ నోరు తెరవబోయి కొంగు అడ్డం పెట్టుకుంది. దూరంగా పొలంలో మోటారు నడుస్తోంది. కృప తొందరపడలేదు. ఎంతసేపు ఆగాలో ఆమెకు తెలుసు, తన కోసం ఒక గోడ పదకొండు రోజులు ఆగింది. మళ్లీ అదే మాట, అదే దగ్గర వదిలింది. మోటారు ఆగిపోయింది. పిల్లలు ఎవరో సైకిల్ తొక్కుకుంటూ పోయారు. ఏడోసారో ఎనిమిదోసారో అడిగినప్పుడు సార్ గొంతు దగ్గర చర్మం ఒక్కసారి పైకి లేచి కిందికి దిగింది.

"డం," అన్నాడు.

సుమిత్రమ్మ ఉన్నచోటనే గడప మీద కూలబడింది. కృప ఆమె వైపు చూడలేదు, చూస్తే తనకు కూడా ఏడుపొస్తుంది. గెట్ అప్ అంటే లేవ... అంది. "డం" అన్నాడు సార్. గో అవుట్ అంటే బయటికి పోవ... "డం." అట్లా పది దాటాయి. గొంతు ముద్దగా ఉంది, కానీ అదే గొంతు. పదమూడో మాట అడగబోతుంటే సార్ ఎడమ చేయి ఎత్తి ఆపాడు. ఆమెను తల నుంచి పాదాల దాకా చూశాడు. ముఖం చూశాడు, ఎండకు నడిచొచ్చిన కాళ్లు చూశాడు. నోటిలో మాటను చాలాసేపు కూడబలుక్కున్నాడు.

"నిలవడ్డవ్... ఎంతసేపు," అన్నాడు. "కూచో బిడ్డా."

కృప కింద కూచుంది. కూచుని, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. తల్లి పోయినాక తనను ఇట్లా చూసి కూచోమన్న మనిషి లేడు. ఏడుస్తుంటే సుమిత్రమ్మ చేయి వీపు మీద పడింది. ఆమె కూడా ఏడుస్తోంది.

"ఆఁ... ఎక్కడున్నం?" అన్నాడు సార్ కాసేపాగి.

"రెండు వందల డెబ్బై రెండు, సార్."

ఆఖరి బస్సు వచ్చేలోపు నాలుగు మాటలు అయ్యాయి. ఒక్కోదానికి చాలా సేపు పట్టింది. ఈసారి ఆయన సగం చెప్పి ఆగాడు, ఆమె పూర్తి చేసింది.

మరునాడు ఆరున్నరకు కృప అలవాటుగా లేచి నిలబడింది. గోడ ఉత్త గోడలా ఉంది. అక్కడక్కడ సున్నం పెచ్చులూడిందని ఆమె ఆ రోజే చూసింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్న చప్పుడు గది నిండా వినిపించింది. ఏడింటి దాకా నిలబడి, చేసిన పనికి పశ్చాత్తాపం లేకపోయినా, చెప్పలేనంత ఒంటరిగా అనిపించి గోడకు వీపు ఆనించి కూలబడింది. పక్కింట్లో టీవీ గొంతు తగ్గింది.

"ఏమే పిల్లా, సారు ఇయ్యాల రాలేదా?" అంది స్వరాజ్యం ప్రహరీ అవతల నుంచి.

"ఇంటికి పోయిండక్కా."

"పోనీ. మంచిగైంది," అంది స్వరాజ్యం. ఆ గొంతులోనూ వెలితి ఉంది.

బుధవారం పెద్ద డాక్టరమ్మ వీడియోలో సౌమ్యనూ కృపనూ వేర్వేరుగా పిలిచింది. సౌమ్య గడగడ మాట్లాడింది. కృప మాటలు ఏరుకుని మాట్లాడింది. చివరన డాక్టరమ్మ ఇద్దరికీ ఒకటే ప్రశ్న వేసింది. ఒకరి సర్జరీ పుట్ ఆఫ్ అయింది, ఇంకొకరిది కాల్ ఆఫ్ అయింది, ఊరి నుంచి వచ్చిన ఇద్దరికీ ఏమని చెప్తారు అని. సౌమ్య రెండూ ఒకటే అంది. కాల్ ఆఫ్ రెండు వందల డెబ్బై నాలుగు. ఆదివారం సార్ ముద్ద గొంతుతో చెప్పిన నాలుగింటిలో అదొకటి, రద్దు చెయ్యడం. మొదటాయనకు కొత్త తారీఖు కాయితం మీద రాసిస్తా, ఇంటికి పొమ్మని ఊరికే చెప్పను అంది కృప. ఎందుకట్లా అని డాక్టరమ్మ అడిగితే దుబ్బయ్య సంగతి మొత్తం, తన తప్పుతో సహా, వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది.

సోమవారం నుంచి ఆమె కౌంటర్‌లో కూచుంది. వచ్చినవాళ్లు ముఖం చూసి మాట్లాడుతున్నారు. మొదట్లో ఆమెకే సిగ్గనిపించి కళ్లు దించుకునేది.

గదికి వచ్చాక మాత్రం ఆ పనులు మూడే. చెప్పులు మూలకు, బియ్యం పొయ్యి మీదికి, ముఖానికి నీళ్లు. ఆరున్నరకు నారాయణరావుపేట నుంచి ఫోన్ మోగుతుంది. సుమిత్రమ్మది మీటల ఫోను, దానికి కెమెరా లేదు, అటువైపు ఏమీ కనపడదు. అయినా కృప లేచి, ఆ పాత గోడ పక్కనే నిలబడి ఫోన్ ఎత్తుతుంది. అవతల సార్ గొంతు సవరించుకుంటాడు. ఎక్కడున్నం అని అడిగే ముందు ఒక మాట అంటాడు.

"ముందుగాల కూచో బిడ్డా."